పాత ఇల్లు కొంటున్నారా?



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కొని చూడు అని మాత్రం అనలేదు. ఈ రోజుల్లో పట్నంలో స్థలం కొనుక్కుని, దగ్గరుండి ఇల్లు కట్టించుకోగలిగినవాళ్లు ఎంతమంది ఉన్నారు చెప్పండి? మనబోటి మధ్యతరగతి సంసారాలకు మిగిలినవి రెండే దారులు. ఒకటి, ఊరి చివర కొత్తగా లేస్తున్న ఫ్లాటు. రెండోది, ఊరి నడిమధ్య ఎవరో నలభై యాభై ఏళ్ల క్రితం ముచ్చటపడి కట్టుకుని, పిల్లల్ని పెంచి పెద్ద చేసి, ఇప్పుడు అమ్మజూపుతున్న పాత ఇల్లు. ఈవేళ ఆ రెండో దారి గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

పాత ఇల్లు అనగానే పెదవి విరిచేవాళ్లున్నారు. "తక్కువకు వస్తోంది కదా" అని కళ్లు మూసుకుని కొనేవాళ్లూ ఉన్నారు. రెండూ పొరపాటే. మేము రాజమండ్రిలో పాత ఇల్లు కొన్నది 2011లో. అంతకుముందు రెండేళ్లపాటు కనబడ్డ ఇల్లల్లా చూశాం. ఆ తిరుగుళ్లలో నాకు ఒక సంగతి బాగా బోధపడింది. నలభై వానాకాలాలు చూసిన ఇల్లు ఎక్కడ కారాలో అక్కడ ఈపాటికి కారే ఉంటుంది. ఎక్కడ పగలాలో అక్కడ పగిలే ఉంటుంది. కొత్త ఇంటి గుణం పదేళ్లకు గానీ తెలియదు. పాత ఇంటి గుణం దాని ఒంటిమీదే రాసి ఉంటుంది. ఆ రాత చదవడానికి ఇంజనీరే కానక్కర్లేదు. రోజూ ఇల్లు ఊడ్చి, తుడిచి, వండి, చూరు కింద గిన్నెలు పెట్టి కాపాడుకొచ్చే ఇల్లాలి కంటికి అది ఇట్టే అందుతుంది. అందుకని "అవన్నీ మగవాళ్లు చూసుకుంటారులే" అని మనం వెనక ఉండిపోకూడదని నా మనవి.

ముందు సుఖాలు చెప్పుకుందాం. వెనకటి ఇళ్ల గోడలు అడుగున్నర మందం ఉండేవి. ఇప్పుడు బయటి గోడే తొమ్మిది అంగుళాలు, లోపలివి నాలుగున్నర. మందపాటి గోడ పగటి ఎండను మెల్లమెల్లగా పీల్చుకుంటుంది గనుక మధ్యాహ్నపు వేడి వెంటనే లోపలికి దిగదు. కప్పు పన్నెండు, పధ్నాలుగు అడుగుల ఎత్తున ఉంటుంది. వేడిగాలి పైకి చేరుతుంది, పైన ఉన్న చిన్న గవాక్షాల్లోంచి బయటికి పోతుంది. మే నెల రోహిణి కార్తెలో ఈ రెంటి విలువా తెలుస్తుంది. ఆ గవాక్షాలకు అట్టలు కొట్టి మూసేసి, ఆ తరువాత ఉక్కపోస్తోందని ఏసీలు పెట్టుకునేవాళ్లను చూస్తే నాకు జాలి వేస్తుంది.

కలప సంగతి సరే సరి. మా గోదావరి జిల్లాల్లో ఒకప్పుడు మన్యం టేకు దుంగల్ని తెప్పలుగా కట్టి నదిలో దింపేవారు. ఆ రోజుల నాటి ద్వారబంధాలూ, తలుపులూ ఇవాళ చేయించాలంటే మన తరం కాదు. కాళ్లకు చల్లగా ఉండే ఎర్ర గచ్చు, కడప బండలు, సామాను పెట్టుకోవడానికి అటక, పచ్చళ్ల జాడీలకు వేరే గది, పెరట్లో కరివేపాకు చెట్టు, నందివర్ధనం. బడీ, బజారూ, ఆసుపత్రీ నడిచిపోయే దూరంలో ఉంటాయి. ఇరుగుపొరుగు ఎలాంటివాళ్లో ముందే తెలుసుకోవచ్చు. కట్టి పూర్తయిన పాత ఇంటికి జీఎస్టీ కట్టనక్కర్లేదు. ఇంకా కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకైతే కట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, మీరు కొనేది కంటికి కనబడుతోంది. కాగితం మీద బొమ్మ చూసి ఏళ్ల తరబడి ఎదురుచూడక్కర్లేదు.

ఇక కష్టాలు. ఇవి తెలుసుకుంటే సగం తీరినట్టే.

ఇల్లు చూడడానికి ఒక్కసారి వెళ్లి ఊరుకోకండి. కనీసం మూడుసార్లు వెళ్లండి. పొద్దున్న కుళాయి వచ్చే వేళ ఒకసారి, మిట్ట మధ్యాహ్నం ఒకసారి, వాన కురిసిన మర్నాడు మరొకసారి. వాన కురిసినప్పుడు ఇల్లు అబద్ధం ఆడలేదు. అమ్మేవాళ్లు ఒక్క గోడకే కొత్తగా రంగు వేయించి ఉంటే, ఆ గోడనే ముందు చూడండి. బీరువా గోడకు మరీ ఆనించి ఉంటే దాని వెనక ఏముందో అడగండి. లోపలికి అడుగు పెట్టగానే ముక్కుకు పని చెప్పండి. చెమ్మ వాసన మనకు తెలియనిది కాదు. పప్పు డబ్బా మూత తీయగానే పురుగు పట్టిందో లేదో చెప్పగలిగినవాళ్లం.

వీధిలో నిలబడి ఇంటి గుమ్మం వైపు చూడండి. ఇల్లు రోడ్డు కన్నా ఎత్తులో ఉందా, పల్లంలో ఉందా? ఇది మన ఊళ్లన్నిట్లో ఉన్న బాధ. మునిసిపాలిటీవారు రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే కొత్తది పోస్తూ పోతే, ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన ఇంటికి ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్లాల్సి వస్తుంది. అప్పుడు వీధిలో వాననీరూ, మురుగు కాలవ నీరూ ఎక్కడికి వస్తాయో నేను చెప్పనక్కర్లేదు. గోడకు మందులున్నాయి గానీ పల్లానికి లేవు. ఇల్లు ఎంత ముద్దొచ్చినా నేల పల్లమైతే నమస్కారం పెట్టి వచ్చేయడమే నయం.

వరద సంగతి అమ్మేవాళ్లను అడిగితే చెప్పరు. ఎదురింటి మామ్మగారిని అడగండి. మా వైపు 1986 ఆగస్టు గోదావరి వరద చూసినవాళ్లు ఇంకా ఉన్నారు, నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో చెబుతారు. హైదరాబాదు సోదరీమణులు 2020 అక్టోబరు వానల్లో ఏ వీధులు మునిగాయో గుర్తు చేసుకోండి. విజయవాడవాళ్లకు 2024 సెప్టెంబరులో బుడమేరు చేసిన పని మరుపు రాదు. మామ్మగారి నోట విన్న ఒక్క మాట లక్షల రూపాయల నష్టం తప్పించవచ్చు.

ఇప్పుడు గోడల దగ్గరకు వద్దాం. బాగా పాత ఇళ్లు, అంటే సిమెంటు విరివిగా దొరకని రోజుల్లో కట్టినవి, గానుగలో తిప్పిన సున్నంతో కట్టినవి. సున్నపు గోడ గాలి పీలుస్తుంది. నేలలోంచి కాస్త చెమ్మ పైకి పాకినా, అది గోడలోంచి బయటికి వచ్చి ఆరిపోతుంది. అలాంటి గోడకు పైన సిమెంటు పూత పూసి, దానిమీద నీరు దిగని రంగు వేయిస్తే చెమ్మకు బయటికి దారి ఉండదు. లోలోపలే ఉండి ఉప్పు పొంగించి, పూతను పెచ్చులు పెచ్చులుగా ఊడదీస్తుంది. గోడ అడుగున తెల్లటి పొడి రాలుతోందంటే అదే. చాలామంది ఇంకో రెండు పూతలు సిమెంటు పూయిస్తారు. రెండేళ్లకు మళ్లీ మొదటికొస్తుంది. సున్నపు గోడకు సున్నపు పూతే వేయించాలి. ఆ పని తెలిసిన పాత తాపీ మేస్త్రులు తక్కువైపోయారు గానీ వెతికితే ఇంకా దొరుకుతారు.

పగుళ్లను చూసి బెదిరిపోకండి, అలాగని చూసీ చూడనట్టు వదిలేయకండి. వెంట్రుకంత సన్నగా, పూతవరకే ఉన్న పగులుతో భయం లేదు. కిటికీ మూలనుంచి ఐమూలగా మెట్లు మెట్లుగా దిగిన పగులు, రూపాయి బిళ్ల అంచు దూరేంత వెడల్పు ఉంటే మాత్రం పునాది కుంగిందేమో చూపించుకోవాలి. నల్లరేగడి నేలల్లో ఇది మరీ ఎక్కువ. ఆ మట్టి వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలు వేస్తుంది. పైనున్న ఇల్లు దానితో పాటు కదులుతుంది. పగులు చివర పెన్సిలుతో గీత గీసి తారీఖు వేసి రండి. రెండు నెలలయ్యాక గీత దాటిందంటే ఇల్లు ఇంకా కదులుతోందన్నమాట. బేరానికి అన్నాళ్లు పట్టడం మామూలే కనుక ఈ పరీక్షకు ఖర్చూ లేదు, ఆలస్యమూ లేదు.

కప్పుల్లో మూడు రకాలు. పెంకుటింటికి ఏటా వానలకు ముందు పెంకులు సర్దించాలి. అదొక వార్షిక ఖర్చు, ముందే లెక్కలో వేసుకోండి. రెండోది మద్రాసు మిద్దె. టేకు దూలాల మీద చిన్న ఇటుకలను నిలువుగా, ఐమూలగా పేర్చి సున్నంతో కట్టిన కప్పు. ఇది చెక్కుచెదరకుండా వందేళ్లు ఉన్నవి ఉన్నాయి. దాని ప్రాణం దూలం కొసల్లో ఉంటుంది. గోడలోకి దూరే చోట చెమ్మ చేరి దూలం మగ్గుతుంది. అక్కడ స్క్రూడ్రైవరు మొనతో గుచ్చి చూడండి. గట్టిగా ఉంటే సరే. మొన మెత్తగా దిగిపోతే ఆ దూలం మార్చాల్సిందే. చెదపురుగును కూడా అలాగే పట్టుకోవచ్చు. ద్వారబంధం అడుగున వేలితో తట్టండి. గుల్లగా మోగితే లోపల తిన్నట్టే.

మూడోది సిమెంటు స్లాబు. దీనికి చావు ఇనప ఊచలతో వస్తుంది. స్లాబులోకి నీరు దిగితే ఊచ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న సిమెంటును పగలగొడుతుంది. కిటికీల పైన సజ్జాల అడుగునా, స్నానాలగది కప్పుకూ ముందు కనబడుతుంది. గోధుమరంగు మరకలుంటే మొదలైందని గుర్తు. పెచ్చులూడి ఊచ బయటపడితే ముదిరిందని గుర్తు. ఊచను గీకి శుభ్రం చేయకుండా పైన సిమెంటు పాముతానన్న మేస్త్రికి పని ఇవ్వకండి. ఒకటి రెండు చోట్ల అయితే బాగుచేయించవచ్చు. ఇల్లంతా అదే వరస అయితే ఆ ఇంటికి స్థలం విలువే లెక్కకట్టండి.

నీళ్ల సంగతి పూర్తిగా మనదే. వంటింటి కుళాయి తిప్పి, అది పారుతుండగానే స్నానాలగదిలో కుళాయి తిప్పండి. ఒకటి తిప్పితే రెండోది సన్నబడిపోతే, పాత ఇనప గొట్టాలు లోపల తుప్పు పట్టి పూడుకుపోయాయన్నమాట. గొట్టాలు మార్చాలి. బకెట్టు నీళ్లు వంటింటి తూములో ఒక్కసారిగా పోసి ఎంతసేపట్లో పోతాయో చూడండి. పెరట్లో నుయ్యి గానీ బోరు గానీ ఉంటే, సెప్టిక్ ట్యాంకు, దాని ఇంకుడు గుంట ఎక్కడున్నాయో అడిగి అడుగులు కొలవండి. రెంటికీ మధ్య అరవై అడుగులైనా ఉంటే మంచిది. పాత ఇళ్లలో అంత దూరం దొరకడం కష్టం. పక్కింటివాళ్ల ట్యాంకు గోడకు అవతలే ఉండవచ్చు. అందుకని ఆ నీళ్లు పరీక్ష చేయించకుండా తాగడానికి వాడకండి.

కరెంటు విషయంలో మొహమాటం పనికిరాదు. ఆ ఇంట్లో తీగలు వేసిన రోజున రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, ఒక రేడియో ఉండేవి. ఇవాళ మన గ్రైండరు, గీజరు, ఫ్రిజ్జి, ఏసీ ఆ తీగల మీదే వేస్తే వేడెక్కి కాలిపోతాయి. చాలా పాత ఇళ్లలో ఎర్తు తీగే ఉండదు. చెక్కపట్టీల మీద తీగలు కనబడితే మొత్తం మార్పించడమే మార్గం. మార్పించేటప్పుడు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే స్విచ్చి తప్పక పెట్టించండి. తడిచేత్తో ముట్టుకున్నప్పుడు కరెంటు ఒంట్లోంచి పారితే, అది రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. గ్రైండరు దగ్గర పనిచేసేది మనమే కదా.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ డబ్బు పెడితే బాగయ్యేవి, కుదరకపోతే మానుకోగలిగేవి. కాగితాల్లో లోపం అలా కాదు. అది ఇంటినే తీసుకుపోతుంది.

ముప్పై ఏళ్లకు తక్కువ కాకుండా లింకు దస్తావేజులు, అంటే ఇల్లు ఎవరినుంచి ఎవరికి వచ్చిందో చెప్పే అసలు కాగితాలు, వరసగా చూడాలి. ఆ ఇంటిమీద అప్పులూ తాకట్టులూ ఉన్నాయేమో తెలిపే పత్రాన్ని ఈసీ అంటారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1983 నుంచి ఉన్న లావాదేవీలు కంప్యూటరులో దొరుకుతాయి. అంతకుముందువి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పుస్తకాలు వెతికించి తీయించుకోవాలి. పాత ఇంటికి ఆ పుస్తకాలే ముఖ్యం. దస్తావేజులో రాసిన గజాలూ, నాలుగు వైపుల హద్దులూ నేలమీద కొలిపించండి. ఉమ్మడి గోడ ఉందా, పక్కింటివాళ్లు మీ పెరట్లోంచి నడుస్తున్నారా అన్నది చూడండి. ఇరవై ఏళ్లు అడ్డు లేకుండా హక్కుగా నడిచిన దారి మీద వాళ్లకు చట్టరీత్యా హక్కు ఏర్పడవచ్చు. ఇల్లు పెద్ద వీధిలో ఉంటే, రోడ్డు వెడల్పులో ఎన్ని అడుగులు పోతుందో మునిసిపల్ ఆఫీసులో ప్లాను చూడండి.

ఇంకొకటి. మనం మరిచిపోకూడనిది. ఆ ఇంటి ఆడపిల్లల సంతకం.

మేము బేరం కుదుర్చుకున్న ఇల్లు ఒక పెద్దాయన సొంత సంపాదనతో కట్టుకున్నది. వీలునామా రాయకుండానే పోయారు. ఆయన భార్య అంతకుముందే కన్నుమూశారు. ముగ్గురు కొడుకులూ సంతకాలకు సిద్ధంగా ఉన్నారు. "ఒక అమ్మాయి ఉందండీ, భిలాయిలో ఉంటుంది. పెళ్లికి పెట్టాల్సింది పెట్టేశారు. ఆవిడ అడగదు లెండి" అన్నాడు మధ్యవర్తి. మా వారు తల ఊపబోతుంటే లోపల్నుంచి మా అత్తగారు అందుకున్నారు. "ఆవిడ అడగదని నువ్వంటే ఎలా నాయనా? ఆవిడ చేత అనిపించు" అని.

ఆ మాటతో లాయరుగారి దగ్గరకు వెళ్లాం. ఆయన విడమరిచి చెప్పారు. తండ్రి స్వార్జితమైన ఇల్లు, వీలునామా లేకపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకులతో సమానంగా కూతుళ్లకూ చెందుతుంది. పెళ్లి అయినా సరే. పిత్రార్జితమైతే లెక్క వేరు. అందులో ఆడపిల్లకు పుట్టుకతో హక్కును ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచి ఇచ్చింది, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా పెళ్లైన కూతుళ్లకు కూడా వచ్చింది. ఆ రోజుకు తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని తరువాత 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పంపకాలు జరిగిపోయి ఉంటే వాటిని తిరగదోడరు. ఇది హిందూ కుటుంబాల మాట. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వేరే చట్టాలున్నా, వాటిలోనూ కూతురికి వాటా ఉంది.

అంటే ఆవిడ సంతకం లేకుండా మేము కొని ఉంటే, నాలుగోవంతు ఇల్లు మాది కానట్టే. పదేళ్ల తరువాత ఆవిడో, ఆవిడ పిల్లలో కోర్టుకెక్కితే తప్పు వాళ్లదీ కాదు.

కబురు పంపితే ఆవిడ వచ్చింది. కాగితాలన్నీ చదువుకుంది. "నా వాటా నాకు కావాలి" అంది. అన్నదమ్ములు ముఖాలు ముడుచుకున్నారు. రెండు నెలలు ఆలస్యమైంది. మధ్యవర్తి మమ్మల్ని విసుక్కున్నాడు. ఆఖరికి నలుగురూ సమానంగా పంచుకుని నలుగురూ సంతకాలు పెట్టారు. ఆవిడ వెళ్లే ముందు నన్ను ఇల్లంతా తిప్పి చూపించింది. "ఈ గది ఈశాన్యం మూల కారుతుందండీ, నాన్నగారు ఏటా జ్యేష్ఠంలో పెంకులు సర్దించేవారు. నూతి నీళ్లు వేసవిలో అడుగంటుతాయి, బట్టలకు దాచుకోవాలి. పడమటి కిటికీ తలుపు ఉబ్బుతుంది, కాస్త పైకెత్తి వేయాలి" అంది. ఈ మూడు ముక్కలూ అన్నదమ్ములెవరూ మాకు చెప్పలేదు. దాచారని అనను. వాళ్లకు తెలియదు. ఆ ఇంట్లో పని చేసింది ఆవిడ.

ఎవరైనా ఒక ఆడపిల్ల మీకు "హక్కు వదులుకున్నాను" అంటే, అది రిజిస్టరైన దస్తావేజు మీద ఉండాలి, తెల్ల కాగితం చెల్లదు. ఇష్టపూర్వకంగా రాసిందో, ఒత్తిడి మీద రాసిందో ఆవిడతో ఒక్కసారి మీరే మాట్లాడండి. మనింటి పునాది ఇంకో ఆడదాని కన్నీళ్ల మీద లేవకూడదు. అలాగే మీ ఇంటి రిజిస్ట్రేషనులో మీ పేరు కూడా ఉండేట్టు చూసుకోండి. మీ నగలు అందులో కరిగినప్పుడు మీ పేరు ఉండడం న్యాయమే.

ఇక డబ్బు లెక్క. చేతిలో 60 లక్షలుంటే 60 లక్షల పాత ఇల్లు చూడకండి. 47 లక్షల ఇల్లు చూడండి. స్టాంపులూ, రిజిస్ట్రేషనూ కలిపి నూటికి ఏడున్నర రూపాయల దాకా అవుతుంది, అది దాదాపు మూడున్నర లక్షలు. మిగిలిన తొమ్మిదిన్నర లక్షలు కప్పుకూ, గొట్టాలకూ, తీగలకూ అట్టేపెట్టండి. ప్రభుత్వం కట్టిన విలువ మీరు కొన్న ధర కన్నా ఎక్కువైతే స్టాంపులు దాని మీదే లెక్క వేస్తారు. ధర 50 లక్షలు గానీ అంతకు మించి గానీ ఉంటే, నూటికి ఒక రూపాయి చొప్పున అమ్మేవాళ్లకు ఇచ్చే సొమ్ములో మనమే పట్టుకుని ఆదాయపు పన్నువారికి కట్టాలి. ఇల్లు మరీ పాతదైతే బ్యాంకువారు అప్పు తక్కువ ఇవ్వవచ్చు, తీర్చే గడువూ తగ్గించవచ్చు. అడ్వాన్సు ఇచ్చే ముందే ఆ సంగతి తేల్చుకోండి. చూసిన లోపాలన్నీ ఒక కాగితం మీద రాసి, మేస్త్రి చేత పక్కన అంకెలు వేయించి, ఆ కాగితంతో బేరమాడండి. ఊరికే "తగ్గించండి" అంటే తగ్గించరు. "కప్పుకు ఇంత, తీగలకు ఇంత" అంటే వింటారు. అద్దెకున్నవాళ్లుంటే వాళ్లు ఖాళీ చేశాకే పూర్తి సొమ్ము ఇవ్వండి. ఇంటి పన్ను, నీటి పన్ను, కరెంటు బాకీల రసీదులు చేతికి తీసుకోండి.

గృహప్రవేశం అయ్యాక ఒక్క మాట. తొందరపడి గోడలు పడగొట్టకండి. కప్పు, తీగలు, గొట్టాలు ఈ మూడూ వెంటనే చేయించండి. మిగతావాటికి ఒక ఏడాది ఆగండి. ఒక వేసవి, ఒక వానాకాలం, ఒక చలికాలం కాపురం చేస్తే ఎండ ఎక్కడ పడుతుందో, గాలి ఎటునుంచి వస్తుందో తెలుస్తుంది. మేము మొదట్లో చీకటిగా ఉందని తీసేద్దామనుకున్న వెనక వసారా, వేసవి వచ్చేసరికి ఇంట్లో అందరూ పడుకునే చోటైంది. పెద్దవాళ్లుంటే మాత్రం పెరటి చివర ఉన్న మరుగుదొడ్డి గదులకు దగ్గరగా కట్టించడం ఆపకండి. రాత్రిపూట జారిపడితే ఏ ఖర్చూ దానికి సరిపోదు.

పాత తలుపుల రంగు గీకించేటప్పుడు జాగ్రత్త. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు రంగుల్లో సీసం ఎక్కువగా ఉండి ఉండవచ్చు. పొడిగా గరుకు కాగితంతో రుద్దితే ఆ దుమ్ము పసిపిల్లల ఒంట్లోకి వెళుతుంది, వాళ్ల తెలివితేటలకే హాని. తడిపి రుద్దించండి, పిల్లల్నీ గర్భిణుల్నీ ఆ రోజులు వేరేచోట ఉంచండి. పెరట్లో పాత సిమెంటు రేకుల షెడ్డు ఉంటే రేకుల్ని కోయించకండి, బ్రష్షుతో తోమించకండి. వాటిలోని ఆస్‌బెస్టాస్ నారపొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. తీయించాల్సి వస్తే తడిపి, విరగకుండా దింపించండి.

పాత తలుపులూ, దూలాలూ తీసేస్తే చవగ్గా అడిగేవాళ్లు గుమ్మం ముందే తిరుగుతుంటారు. ఆ టేకుతోనే మంచి డైనింగు బల్ల, వంటింటి అలమరలు చేయించుకోవచ్చు. వడ్రంగిని పిలిచి అడిగాకే ఇవ్వండి.

ఇల్లు చూడడానికి వెళ్లేటప్పుడు చేతిసంచిలో ఒక టార్చిలైటు, ఒక స్క్రూడ్రైవరు, టేపు, పెన్సిలు, చిన్న పుస్తకం, పిల్లల గోళీ ఒకటి వేసుకోండి. గోళీ ఎందుకంటారా? నేలమీద వదలండి. దానంతటది ఒక మూలకు దొర్లిపోతే నేల అటు వాలి ఉంది. వాలు చిన్నదైతే కడిగిన నీళ్లు అటే పోతాయి, మనకే సుఖం. పెద్దదైతే ఆ మూల పునాది సంగతి మేస్త్రిని అడగండి.